మన ఉక్కకూ మన వానకూ ఏ టెంటు? క్వెచువా ఎంహెచ్100, నేచర్‌హైక్ క్లౌడ్ అప్ 2 పరిశీలన

టెంటు కొనబోయేవారు సాధారణంగా ముందుగా అడిగేది వాన కురిస్తే లోపలికి నీరు వస్తుందా అని. అది అడగవలసిన ప్రశ్నే. అయితే తెలుగు నేల మీద టెంట్లలో రాత్రులు గడిపేవారిని వానకన్నా ఎక్కువగా తడిపేది, లోపల పడుకున్న మనుషుల ఊపిరి నుంచీ చెమట నుంచీ పుట్టి, చల్లబడిన పైగుడ్డకు తగిలి బొట్లుగా పేరుకునే చెమ్మ. వానను ఆపగల టెంట్లు ఇప్పుడు అందుబాటు ధరల్లోనే దొరుకుతున్నాయి. ఆ చెమ్మను బయటికి పంపగల టెంట్లు మాత్రం వెతికి ఎంచుకోవాలి. అందువల్ల గాలి ఏ దారిన లోపలికి వచ్చి ఏ దారిన బయటికి పోతుందన్నదే ఈ పరిశీలనలో నాకు ప్రధానమైన కొలమానం. ఇక్కడ రెండు టెంట్ల గురించి వివరంగా రాస్తున్నాను. ఒకటి, కారులోనో బైకు మీదో వెళ్లి బండి పక్కనే వేసుకునేవారికి పనికివచ్చే డెకాత్లాన్ వారి క్వెచువా ఎంహెచ్100. రెండవది, వీపున మోసుకుంటూ నడిచేవారి కోసం చేసిన నేచర్‌హైక్ క్లౌడ్ అప్ 2. రెండూ నేను సొంత డబ్బుతో కొని వాడుతున్నవే.

టెంటుకు రెండు పొరలు ఎందుకుండాలో అర్థం కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలో తెల్లవారుజామున పైగుడ్డ లోపలివైపు చేత్తో తడిమి చూడాలి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ చింతపల్లి మన్యంలో, ఆకాశం తేటగా ఉన్న రాత్రి, నేలా ఆకులూ గుడ్డా తమలోని వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువగా చల్లబడతాయి. అందుకే తెల్లవారేసరికి గడ్డి మీద ఎంత మంచు కనిపిస్తుందో ఫ్లై మీద, అంటే టెంటు పైగుడ్డ మీద, కూడా అంత కనిపిస్తుంది. దాని లోపలివైపు ఆవగింజలంత బొట్లు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉంటాయి. వేలితో ఒక్క గీత గీస్తే అవన్నీ కలిసి ధారగా జారతాయి. ఒంటిపొర టెంటులో ఆ ధార నేరుగా దుప్పటి మీదికి వస్తుంది. రెండు పొరల టెంటులో ఫ్లైకీ లోపలి గదికీ నడుమ బెత్తెడు ఖాళీ ఉంటుంది కాబట్టి, రాలిన బొట్లు లోపలి గుడ్డ మీదుగా పక్కకు జారి నేల మీదికి పోతాయి. ఆ ఖాళీలోంచి గాలి కదులుతూ ఉంటే బొట్లు పేరుకోవడమే తగ్గుతుంది. చలిగా ఉందని గాలి కిటికీలన్నీ మూసి జిప్పులు మెడదాకా బిగించుకుంటే చెమ్మ ఇంకా పెరుగుతుంది. చలికి తగిన దుప్పటి తీసుకువెళ్లాలి గాని గాలిని ఆపకూడదు.

ఈ కారణంగానే, ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు దొరికే ఒంటిపొర టెంట్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. మా బృందంలో ఒకరు తెచ్చిన అటువంటి టెంటులో, ఒక్క వాన చుక్క పడకుండానే, తెల్లారేసరికి పరుపు అంచులు పిండితే నీరు కారేంతగా తడిసిపోయాయి.

ఎంహెచ్100 విషయానికి వస్తే, ఒకదానినొకటి దాటుకుంటూ వంగే రెండు ఫైబర్‌గ్లాస్ కడ్డీల మీద నిలబడే సాదా గుమ్మటం అది. ముందుగా లోపలి గదిని నిలబెట్టి, దాని మీద ఫ్లైని కప్పి, మూలలకు తగిలించాలి. కొత్తవారు కూడా మొదటిసారే ఎవరి సాయమూ లేకుండా వేసుకోగలరు. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది: వాన పడుతుండగా టెంటు వేయవలసి వస్తే, ఫ్లై కప్పేలోగా లోపలి గది తడుస్తుంది. కారు పక్కన వేసుకునేవారికి ఇది పెద్ద సమస్య కాదు, వాన వెలిసేదాకా కారులో కూర్చోవచ్చు. లోపలి గదిలో దోమతెర కన్నా సన్నని పాలిస్టర్ గుడ్డ పాలు ఎక్కువ. దానివల్ల అరకు, లంబసింగి చలికాలపు రాత్రుల్లో ఈదర గాలి నేరుగా ఒంటికి తగలదు. అదే గుడ్డ మార్చి దాటాక ఉక్క పోయిస్తుంది. దీనికి పాక్షికమైన విరుగుడు ఫ్లైని ఎలా కడతామన్న దాంట్లో ఉంది. చాలామంది గాలి లేదు కదా అని ఫ్లైకి ఉన్న తాళ్లను విప్పకుండానే వదిలేస్తారు. అప్పుడు ఫ్లై వెళ్లి లోపలి గుడ్డను అంటుకుంటుంది, రెండు పొరలున్నా ఒంటిపొరగానే పనిచేస్తుంది. గాలి ఉన్నా లేకున్నా తాళ్లన్నీ లాగి కట్టి, ఫ్లైని బిగువుగా, గది గుడ్డకు ఎడంగా నిలిపినప్పుడే ఈ టెంటు అసలు పనితనం తెలుస్తుంది. ద్వారాన్ని గాలి వీచే దిక్కుకు కొద్దిగా ఓరగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

సంచి మీద రాసిన మనుషుల సంఖ్యను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మవద్దు. ఇద్దరి ఎంహెచ్100లో పడక స్థలం వెడల్పు 130 సెంటీమీటర్లు, పొడవు 210. అంటే మనిషికి 65 సెంటీమీటర్లు. ముగ్గురిదైతే 195, అక్కడా అదే లెక్క. క్లౌడ్ అప్ 2లో ఇద్దరికీ కలిపి 125 మాత్రమే. మన ఇళ్లలో ఒంటి మంచం వెడల్పు మూడడుగులు, అంటే 90 సెంటీమీటర్లకు పైచిలుకు ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే ఆ 65 ఎంత ఇరుకో తెలుస్తుంది. ఐరోపా చలిలో ఒకరికొకరు ఆనుకుని పడుకుంటే వెచ్చగా ఉంటుందేమో గాని, కృష్ణా తీరంలో ఏప్రిల్ రాత్రి అలా పడుకోవడం ఎవరి తరమూ కాదు. పైగా ఇరుకైన చోట మనిషి భుజమో మోకాలో గోడకు తగిలి, లోపలి గుడ్డను ఫ్లైకి అంటిస్తుంది. అంటుకున్న చోటల్లా చెమ్మ లోపలికి దిగుతుంది. కాబట్టి కారులో వెళ్లేవారు రాసి ఉన్న సంఖ్యలోంచి ఒకరిని తగ్గించి లెక్క వేసుకోవాలి. దంపతులైతే ముగ్గురి టెంటు, ఒక పిల్లో పిల్లవాడో ఉన్నా అదే సరిపోతుంది. ముగ్గురి టెంటు బరువు మూడున్నర కిలోల దరిదాపు, ఇద్దరిది రెండున్నర కిలోల దరిదాపు. డిక్కీలో పెట్టుకునేవారికి ఆ కిలో తేడా లెక్కలోనిది కాదు.

నేలను బట్టి కూడా టెంటు మారుతుంది. మన ప్రాంతంలో ఇందుకు గండికోటను మించిన పరీక్ష లేదు. పెన్నా లోయ అంచున పరచుకున్న ఆ ఎర్రరాతి పరుపుల మీద ఎక్కడ సుత్తి వేసినా పెగ్గు, అంటే టెంటును నేలకు బిగించే మేకు, రెండంగుళాలు కూడా దిగదు, లోయలోంచి ఎగదన్నే గాలి మాత్రం రాత్రంతా ఆగదు. ఇటువంటి చోట కడ్డీల బలంతో తనంతట తాను నిలబడే ఎంహెచ్100 లాంటి గుమ్మటమే మేలు. లోపల సామాను పెట్టి, తాళ్లను రాళ్లకు కట్టుకుంటే చాలు. రాయికి తాడు చుట్టేటప్పుడు ఒక ఉపాయం ఉంది. తాడు కొసకు పొడవైన ఉచ్చు వేసి, గుప్పెడంత చిన్న రాయికి చుట్టి, దాని ముందు, అంటే టెంటు వైపు, ఎత్తలేనంత పెద్ద రాయిని ఆ తాడు మీదుగా ఆనించాలి. గాలి తాడును లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి తగులుకుని ఆగిపోతుంది. పెద్ద రాయికే నేరుగా తాడు చుడితే, దాని అంచున రాత్రంతా ఒరుసుకుని తాడు తెల్లారేసరికి తెగిపోతుంది. సూర్యలంక లాంటి ఇసుక తీరాల్లో పరిస్థితి వేరు. అక్కడ పెగ్గు సులువుగా దిగుతుంది, అంతే సులువుగా ఊడుతుంది. ఇసుక నింపిన గుడ్డ సంచికి తాడు కట్టి, ఆ సంచిని మూరెడు లోతున పూడ్చితే కదలదు.

క్లౌడ్ అప్ 2 ఈ విషయంలోనే వెనకబడుతుంది. దానికి ఉన్నది మూడు కొమ్మలుగా చీలిన ఒకే అల్యూమినియం కడ్డీ. తలవైపు రెండు కొమ్మలు రెండు మూలలకూ వెళతాయి, కాళ్లవైపు మాత్రం ఒకే కొమ్మ నడుమకు దిగుతుంది. కాళ్లవైపు రెండు మూలలనూ పెగ్గులతో లాగి కట్టనిదే ఆ వైపు వెడల్పు పూర్తిగా విచ్చుకోదు. గండికోట లాంటి చోట ఈ టెంటు వేయలేమని కాదు గాని, రాళ్లు వెతికి కట్టుకోవడానికి అదనంగా సమయం పడుతుంది. ఇక కాళ్లవైపు ఫ్లై చాలా కిందికి వాలి, లోపలి గదికి దగ్గరగా వస్తుంది. చెమ్మ ఎక్కువగా పేరుకునేది కూడా ఆ మూలనే. పొడుగైన మనిషి పడుకుంటే స్లీపింగ్ బ్యాగు కొస అక్కడ గుడ్డకు తగిలి తడుస్తుంది కనుక, ఆరడుగుల వారు తలను ద్వారం వైపుకు బాగా జరుపుకుని పడుకోవాలి, లేదా బ్యాగు కొసకు రెయిన్‌కోటు కప్పుకోవాలి. ద్వారం తలవైపు ఒక్కటే. నడుమ రాత్రి లేచే మనిషి పక్కవారిని కదపక తప్పదు.

ఇన్ని లోపాలు చెప్పినా, నడిచి వెళ్లేటప్పుడు నేను తీసుకువెళ్లేది దీనినే. మొదటి కారణం బరువు. నైలాన్ గుడ్డ రకం కిలోన్నర దరిదాపు ఉంటుంది. ఇద్దరు నడుస్తున్నప్పుడు ఒకరు ఫ్లైనీ కడ్డీనీ, మరొకరు లోపలి గదినీ పెగ్గులనూ పంచుకుంటే వీపున ఉన్నట్టే తెలియదు. రెండవది, దీని లోపలి గది పైభాగంలో దోమతెర పాలు ఎక్కువ. వాన లేదని తెలిసిన రాత్రి ఫ్లై తీసేసి లోపలి గదితోనే పడుకోవచ్చు. దోమ రాదు, గండుచీమ రాదు, జెర్రి రాదు, గాలి మాత్రం ఇటునుంచి అటు వీస్తుంది. మన వాతావరణంలో సంవత్సరంలో సగానికి పైగా రాత్రులు ఇలాగే గడుస్తాయి. ఈ సౌకర్యం ఒక్కదానికే నేను దానికి ఎక్కువ మార్కులు వేస్తాను. మూడవది, ముందున్న చిన్న వసారా. రెండు జతల బూట్లూ ఒక బ్యాగూ వానకు తడవకుండా అక్కడ పట్టేస్తాయి.

ఈ టెంటు రెండు గుడ్డల్లో దొరుకుతుంది, ఒకటి 20డి నైలాన్, రెండవది 210టి పాలిస్టర్. డి అంటే డెనియర్, తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. 20 గ్రాములు తూగే దారమంటే ఎంత సన్నమో ఊహించుకోవచ్చు. టి అన్నది చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని పోగులున్నాయో చెబుతుంది. నైలాన్ తేలిక, లాగితే త్వరగా చిరగదు, కాని తడిస్తే సాగుతుంది. వాన మొదలైన కాసేపటికి ఫ్లై వదులై లోపలి గది మీదికి వాలుతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి బయటికి వచ్చి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ కొంచెం బరువు, కాని తడిసినా దాదాపుగా సాగదు, ఎండకు కూడా నైలాన్ కన్నా ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. మన ఎండల్ని దృష్టిలో పెట్టుకుంటే, రోజుల తరబడి కొండల్లో నడిచేవారు తప్ప మిగిలినవారంతా పాలిస్టర్ రకమే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ధర కూడా అదే తక్కువ. ఏ రకమైనా క్లౌడ్ అప్ 2 ధర ఇద్దరి ఎంహెచ్100 ధరకు రెండు రెట్లకు పైగానే ఉంటుంది. వీపున మోయని వారు ఆ డబ్బు పెట్టనవసరం లేదు.

వాన సంగతి. గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు: గుడ్డ మీద నిలబెట్టిన నీటి స్తంభం ఎంత ఎత్తుకు చేరాక నీరు కారడం మొదలవుతుందో ఆ కొలత అది. ఫ్లైకి 1500 ఉంటే మామూలు వానకు చాలు, 2000 నుంచి 3000 మధ్య ఉంటే మన నైరుతి వానకు నిశ్చింత. క్లౌడ్ అప్ 2 నైలాన్ రకానికి 4000 అని కంపెనీ చెబుతుంది. నేల గుడ్డకు మాత్రం ఇంకా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వాన చినుకు ఒత్తిడికన్నా చాలా ఎక్కువ. క్వెచువా టెంట్లకు కంపెనీ ఇచ్చే భరోసా మరో తీరులో ఉంటుంది: పూర్తిగా వేసిన టెంటు మీద గంటకు 200 మిల్లీమీటర్ల చొప్పున కృత్రిమ వాన కురిపించి చూస్తారు. గుడ్డ ముక్కను పరీక్షించడం కన్నా ఇదే నాకు నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే నీరు దాదాపు ఎప్పుడూ గుడ్డలోంచి కాక కుట్లలోంచీ జిప్పులోంచీ వస్తుంది. కొనేముందు ఫ్లైని తిరగేసి ప్రతి కుట్టు మీదా టేపు అతికించి ఉందో లేదో చూడాలి. టేపు ఎక్కడైనా లేచి ఉంటే ఆ టెంటు వద్దు.

అడుగున పరచుకునే పట్టా వల్ల తడిసేవారు కూడా ఉన్నారు. పట్టా టెంటు అంచులు దాటి బయటికి కనిపిస్తే, ఫ్లై మీది నుంచి జారిన నీరంతా దాని మీద పడి సరాసరి టెంటు కిందికి చేరి చెరువు కడుతుంది. పట్టా అంచులను నలువైపులా లోపలికి మడిచేయాలి.

కడ్డీల తేడా ఏప్రిల్, మే నెలల ఈదురుగాలుల్లో బయటపడుతుంది. ఎంహెచ్100 గంటకు 50 కిలోమీటర్ల గాలికి నిలబడుతుందని కంపెనీ చెబుతుంది, తాళ్లన్నీ కట్టినప్పుడు మాత్రమే ఆ మాట వర్తిస్తుంది. ఫైబర్‌గ్లాస్ కడ్డీ హద్దు దాటితే నిలువునా చీలి, ఆ పేళ్లు చేతికీ గుడ్డకూ గుచ్చుకుంటాయి. అల్యూమినియం కడ్డీ ముందుగా వంగుతుంది, వంగిన చోట చిన్న గొట్టం తొడిగి టేపు చుడితే ప్రయాణం ముగిసేదాకా పనిచేస్తుంది. అయితే ఫైబర్‌గ్లాస్ ముక్కలు డెకాత్లాన్‌లోనే విడిగా దొరుకుతాయి కనుక ఇంటికి వచ్చాక బాగు చేసుకోవడం సులభం. ఉరుములూ మెరుపులూ మొదలైతే కడ్డీ దేనితో చేసిందైనా ఒకటే, టెంటు విడిచి కారులోకో పక్కా కట్టడంలోకో వెళ్లిపోవాలి.

వేడి గురించి ఎక్కువమంది పట్టించుకోరు. మన దగ్గర వేసవిలో సూర్యోదయమైన గంట, గంటన్నరకే టెంటు లోపల ఉండలేనంత వేడెక్కుతుంది. క్వెచువాలో ఫ్రెష్ అండ్ బ్లాక్ అన్న రకం ఇందుకోసమే వచ్చింది: పైన లేత రంగు, లోపల నల్లటి పూత, లోపల 99 శాతం చీకటిగా ఉంటుందని కంపెనీ మాట. చీకటి విషయంలో అది నిజంగానే మెచ్చుకోదగినది, పసిపిల్లలున్న కుటుంబాలకు ఎంతో ఉపయోగం. వేడిని కొంత తగ్గిస్తుంది గాని, చెట్టు నీడకు ప్రత్యామ్నాయం కాదు. తూర్పున చెట్టు ఉండేలా చోటు చూసుకుంటే మామూలు టెంటు కూడా చల్లగానే ఉంటుంది. 2005లో వచ్చిన క్వెచువా 2 సెకండ్స్ టెంట్లు విసరగానే విచ్చుకుంటాయి. అవి మడిచాక రెండడుగులకు మించిన వెడల్పున గుండ్రంగా ఉంటాయి కాబట్టి కారుకే తగినవి, బైకుకు కావు. నలుగురి కుటుంబానికి నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తు కావాలంటే ఆర్పెనాజ్ 4.1 ఉంది, కాని పది కిలోల దరిదాపు బరువున్న ఆ టెంటు వేయడానికి ఇద్దరు మనుషులూ, విశాలమైన చదును నేలా కావాలి.

అమెరికాలో ఉన్న మనవారు అక్కడి కొండల్లో వాడి మెచ్చుకున్న టెంటును ఇక్కడి బంధువులకు తెచ్చి ఇస్తుంటారు. కాలిఫోర్నియా, కొలరాడో లాంటి పొడిగాలి ప్రాంతాల్లో చెమ్మ సమస్య తక్కువ, అందుకే అక్కడ ఒంటిపొర తేలిక టెంట్లకు మంచి పేరుంది. ఆ పేరును చూసి మన కోస్తాకు వాటిని తెచ్చుకోకూడదు. హిమాలయ ట్రెక్కులకు వెళ్లేవారికి టెంట్లు సాధారణంగా నిర్వాహకులే ఇస్తారు కనుక, వాటి కోసమని మంచును తట్టుకునే బరువైన టెంటు కొనడం కూడా అనవసరం.

భద్రపరచడంలో శ్రద్ధ లేకపోతే ఎంత మంచి టెంటైనా మూడు నాలుగు వర్షాకాలాలకు మించి నిలవదు. నీటిని ఆపే పాలీయురెథేన్ పూత తేమలో నెమ్మదిగా విరిగిపోతుంది. అటక మీది సంచిలోంచి తీసినప్పుడు గుడ్డ జిగటగా అంటుకుంటూ పులిసిన వాసన వేస్తే పూత పాడైపోయినట్టే, దానిని ఇక బాగు చేయలేము. ఊరి నుంచి రాగానే డాబా మీద నీడన పూర్తిగా ఆరబెట్టి, కంపెనీ ఇచ్చిన ఇరుకు సంచిలో కాకుండా పాత నూలు దిండు గలీబులో వదులుగా పెట్టి, గాలి తగిలే అలమరలో ఉంచాలి. వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

హైదరాబాదు, విశాఖల్లోని డెకాత్లాన్ దుకాణాల్లో టెంట్లను వేసి ప్రదర్శనకు ఉంచుతుంటారు. అందులోకి వెళ్లి పడుకుని, కాళ్లు చాపి, జిప్పును లోపలినుంచి ఒంటి చేత్తో తెరిచి మూసి చూడండి. గుడ్డ జిప్పులో ఇరుక్కుంటుంటే మరొకటి చూపించమనండి. ఎక్కడ వేయబోతున్నారో కూడా ముందే తేల్చుకోండి. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయరాదు. ఇక పెగ్గులు. ఎంహెచ్100తో వచ్చే సన్నని ఇనుప పెగ్గులు తోట మట్టిలో బాగానే దిగుతాయి, గట్టి మొరం నేలలో మాత్రం వంగిపోతాయి. మూడు అంచులున్న అల్యూమినియం పెగ్గులు ఎనిమిదింటిని విడిగా కొనుక్కుని, పాతవాటిని అదనంగా సంచిలో వేసుకోండి.